అమ్మీ ఫజ్ర్‌కి లేచేసరికి ఇల్లు వెచ్చబడాలి

చికాగోలో మేం కొన్న ఇంట్లో గోడకి పాతకాలపు గుండ్రటి థర్మోస్టాట్ ఉండేది. కడప నుంచి వచ్చిన అమ్మీ ఫజ్ర్‌కి లేవగానే దాన్ని కాస్త తిప్పేది. ఇల్లు వెచ్చబడటానికి చాలాసేపు పట్టేది. ఈలోగా ఆ చలిలోనే వుజూ, ఆ చలిలోనే నమాజ్. అడిగితే "మేరేకు కోయి తక్లీఫ్ నై బేటా" అనేది. మోకాళ్లు పట్టుకుని జానమాజ్ మీంచి లేవడం నాకు కనిపిస్తూనే ఉండేది.

రాత్రంతా వేడి పెట్టి ఉంచుదామంటే గ్యాస్ బిల్లు ఫికర్. రోజుకి 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించి ఉంచితే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ మాట. రాత్రి తగ్గి, ఫజ్ర్‌కి ముందే తనంతట తాను పెరిగేది కావాలి. అంటే డిజిటల్‌ది.

బల్బు మార్చడం తప్ప నాకు కరెంటు పని రాదు. అయినా హిమ్మత్ చేసి, బిస్మిల్లా అని మొదలుపెట్టాను. ముందు ఫర్నేస్ బ్రేకర్ ఆపాలి. మూత తీశాక సన్నటి తీగలుంటే అది 24 వోల్టుల వ్యవస్థ, మనం చేసుకోవచ్చు. లావుపాటి తీగలుంటే ఎక్కువ వోల్టేజి, ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే. తీగలు విప్పేముందు ఫోటో తీసుకోవాలి. రంగుని నమ్మకూడదు, ఏ అక్షరం దగ్గర బిగించి ఉందో అదే చూడాలి. ఆర్ అంటే కరెంటు వచ్చేది, డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జి ఫ్యాన్‌కి. మా గోడలో సి తీగ లేదు, అందుకే బ్యాటరీతో నడిచే రకం తెచ్చాను.

పాతదాంట్లో ఒక చిన్న గాజుబుడ్డి, అందులో పాదరసం. లోహపు చుట్ట వేడికీ చలికీ కదిలి బుడ్డిని వంచితే, పాదరసం జారి ఫర్నేస్‌ని వెలిగించేది. పగిలితే జహర్. అలాంటిదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. పగలకుండా డబ్బాలో పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చాను.

అసలు చిక్కు టైం పెట్టడంలో వచ్చింది. మిషన్‌కి గడియారమే తెలుసు, ఫజ్ర్ సూర్యుడితో నడుస్తుంది. నవంబర్ మొదట్లో ఇక్కడ ఐదు దాటగానే ఫజ్ర్, డిసెంబర్ చివరికి ఆరు దగ్గర పడుతుంది. అందుకే మస్జిద్ క్యాలెండర్ పక్కన పెట్టుకుని పదిహేను రోజులకోసారి సరిచేస్తాను, ఫజ్ర్‌కి ముప్పావుగంట ముందు 70 డిగ్రీలకి చేరేలా.

అమ్మీకి రెండు బటన్లే చూపించాను, పైకి ఒకటి, కిందికి ఒకటి. నేను ఏ టైం పెట్టినా ఆమె నొక్కితే ఆమె మాటే చెల్లుతుంది, తర్వాతి టైం వచ్చేదాకా. పెద్దవాళ్లు చలేస్తోందని అడగరు. అడగకుండానే వాళ్ల చేతికి అందేలా ఉంచడం మన బాధ్యత.