పెరటి ట్రాక్టర్‌కు పుట్టిన తేదీ

పుదుచ్చేరి ముత్యాలపేటలో ఓ పాత పెంకుటింటి పెరట్లో, మామిడి చెట్టు కింద నలభై ఏళ్లుగా కదలని ట్రాక్టర్ ఒకటుంది. ముందు చక్రాలు సగం మట్టిలో కూరుకుపోయాయి. సీటు మీద పిల్లి పడుకుంటుంది. మనవలు దాని మీదెక్కి ఆడుకుని పెద్దవాళ్లయ్యారు. దాని వయసెంతో తెలుసుకోవాలని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. వైట్ టౌన్‌లోని ఓ కేఫ్ నుంచి బేరం వచ్చేదాకా.

కేఫ్ వాళ్లడిగింది సులువైన విషయమే. రంగులు వేయించి గేటు పక్కన నిలబెట్టుకుంటారు. ‘ఫ్రెంచి పాలన నాటి ట్రాక్టర్’ అని బోర్డు పెడతారు. కిందే సంవత్సరం రాయాలి. పాత ఇనుము కొనేవాడు కిలోల లెక్కన ఇస్తానన్నదానికి ఎన్నో రెట్లు ముట్టజెపుతారు. సంవత్సరం మాత్రం నమ్మకంగా చెప్పాలి.

అక్కడే అన్నదమ్ముల మధ్య పేచీ మొదలైంది.

వాళ్లది తరాల కిందట ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు రెడ్డియార్ల కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం, బీరువాలోని పాత దస్తావేజులు ఫ్రెంచి. బాహూరు దగ్గర ఒకప్పుడు వరి పొలాలుండేవి. అన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ట్రాక్టర్‌ను తాత కొన్నాడన్నది ఆయన చిన్నప్పటి నుంచీ విన్న కథ. ఫ్రెంచి వాళ్లుండగానే ఓడలో వచ్చిందని, సముద్రంలోకి కట్టిన ఇనుప వంతెన మీద క్రేనుతో దించారని, ఊరంతా చూడ్డానికి వచ్చిందని నాయన చెప్పేవారు. తాత 1955లో పోయారు. కాబట్టి ట్రాక్టర్ 1954కు ముందుదే అయ్యుండాలి.

తమ్ముడు ఒప్పుకోలేదు. ‘‘ఎర్రగా ఉంది చూడన్నా. ఇది మాస్సీ. మద్రాసులో టాఫే కంపెనీ పెట్టిందే 1960లో. అయితే గియితే అరవైల నాటిది’’ అన్నాడు. అలాగని బేరం చెడగొట్టడం అతనికిష్టం లేదు. ఏ సంవత్సరం రాసినా అడిగేవాడెవడన్నది అతని వాదన.

ఆ వాదనే అన్నకు నచ్చలేదు. జీవితమంతా సంతకాలు, తేదీలు సరిచూసిన మనిషి. వారం రోజులు పెరట్లోనే కూర్చున్నారు.

మొదట తేలిపోయింది రంగు. ఎరుపును గోటితో గీకితే దాని కింద నీలం, దాని కింద బూడిద రంగు బయటపడ్డాయి. బూడిద రంగు పెద్ద ఆధారం. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ తన ట్రాక్టర్లను ఆ రంగులోనే అమ్మేవాడు. ఆయన టీఈ-20 మోడల్ ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా తయారైంది. పదేళ్లలో ఐదు లక్షలకు పైగా బండ్లు బయటికొచ్చాయి. నాగలిని వెనక తాడులా లాగించకుండా మూడు చోట్ల బిగించి, హైడ్రాలిక్స్‌తో లేపి దించే పద్ధతిని చిన్న రైతు దాకా తెచ్చిన బండి ఇది. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరింది కూడా మార్పులు చేసిన ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే.

అంటే టాఫే వాదన పోయింది. అన్నగారి ఆశ పెరిగింది. ఎందుకంటే పారిస్ పక్కనున్న సాం దనీలో కూడా 1953 నుంచి ఫెర్గూసన్లు తయారయ్యాయి. ఫ్రెంచి రైతులు వాటిని ‘పెతీ గ్రీ’ అని, అంటే చిన్న బూడిదది అని పిలుచుకునేవారు. పుదుచ్చేరికి ఫ్రాన్స్ నుంచి అలాంటిదొకటి వచ్చిందంటే కథ అతికినట్టు సరిపోతుంది.

విలియనూరు దారిలో షెడ్డున్న ఓ ముసలి మెకానిక్‌ను పిలిపించారు. ఆయన ఇంజిన్ తెరిచి చూశాడు. సిలిండర్ లైనర్ల వ్యాసం 85 మిల్లీమీటర్లు. ఈ మోడల్‌లో మొదట 80 మిల్లీమీటర్ల లైనర్లుండేవి. 1951 ఆరంభంలో పెద్దవి వచ్చాయి. ‘‘అయితే 51 తర్వాతిదే కదా?’’ అని అడిగితే మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. ఈ ఇంజిన్‌కు లైనర్లు ఊడదీసి మార్చుకోవచ్చు. పైగా స్టాండర్డ్ వ్యాన్‌గార్డ్ కారుకూ దాదాపు ఇదే ఇంజిన్. ఆ కారును మద్రాసు శివార్లలోని స్టాండర్డ్ ఫ్యాక్టరీలోనే బిగించేవారు. ఆ విడిభాగాలు ఎన్ని ట్రాక్టర్లలోకి చేరాయో ఎవరు చెప్పగలరు? డైనమో మీద తయారీ నెల, సంవత్సరం పొడిచి ఉన్నాయి. చూస్తే 1962. తమ్ముడు ఎగిరి గంతేశాడు. కానీ 1956 తర్వాత ఈ మోడలే లేదు. డైనమో తర్వాత మార్చిందన్నమాట. ఒక భాగం మీది తేదీ ఆ భాగం వయసు చెబుతుంది, బండి వయసు చెప్పదు.

చివరికి మిగిలింది స్టీరింగ్ కింద, డాష్ మీద బిగించిన చిన్న రేకు. దాని మీద మూడు పొరల పెయింటుంది. తమ్ముడు గరుకు కాగితం తెచ్చాడు. మెకానిక్ వద్దన్నాడు. రుద్దితే పెయింటుతో పాటు అంకెలూ పోతాయి. పెయింటు కరిగించే మందు పూసి, గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్కతో మెల్లగా రాశారు. పొడిచిన గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి.

ఫ్రెంచి ముక్క ఒక్కటీ లేదు. కొవెంట్రీ, ఇంగ్లండ్ అనుంది. మోడల్ టీఈడీ-20. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్ లాంటి నూనెకు మార్చే రకం. సీరియల్ నంబరు ఐదు లక్షలు దాటింది.

ఫెర్గూసన్ల వయసు తేల్చేది ఆ నంబరే. కంపెనీ అన్ని రకాలకూ ఒకే వరసలో నంబర్లు వేసింది. 1948 చివరికి అది సుమారు 77 వేలకు, 1951 చివరికి 2.41 లక్షలకు, 1953 చివరికి 3.68 లక్షలకు చేరింది. 5.17 లక్షల పైచిలుకు దగ్గర ఉత్పత్తి ఆగిపోయింది. ఐదు లక్షలు దాటిందంటే 1956. ఆ మోడల్‌కు అదే చివరి ఏడాది.

అన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 1955లో పోయిన మనిషి 1956లో తయారైన ట్రాక్టర్‌ను కొనలేడు. ఓడ కథా నిలవదు. పుదుచ్చేరి పాత ఇనుప వంతెన 1952 తుపానులో కూలిపోయింది. కొత్తది 1962కు గానీ సిద్ధం కాలేదు. మధ్యలో క్రేనుతో దించడానికి అక్కడ వంతెనే లేదు.

తమ్ముడు మాత్రం దారి వెతికాడు. విలీనంపై కీళూరులో ఓటింగ్ జరిగింది 1954 అక్టోబరు 18న. ఓటేసిన 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారత్ వైపు నిలిచారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. కానీ ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం ఆలస్యమై, చట్టప్రకారం బదిలీ జరిగింది 1962 ఆగస్టు 16న. ‘‘అంటే 56లో కూడా కాగితం మీద ఇది ఫ్రెంచి ఊరే. బోర్డు పెడితే తప్పేముంది?’’ అన్నాడు. న్యాయంగా చూస్తే కాదనడానికి లేదు.

అప్పటిదాకా వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి తలెత్తింది. ఆమెకు ఎనభై ఆరేళ్లు.

‘‘ఓడా లేదు, గీడా లేదు. మద్రాసు నుంచి లారీలో వచ్చింది. నాకు పెళ్లయిన మరుసటేడు.’’

పెళ్లి 1956లో. మామగారిని ఆమె ఫొటోలోనే చూసింది. ఆయన పోయాక అప్పులు బయటపడ్డాయి. కూలీలకిచ్చే డబ్బు చేతిలో లేక భర్త పొలం అమ్ముదామన్నాడు. పుట్టింటి వాళ్లు పెట్టిన కాసుల పేరు, రెండు జతల గాజులు ఆమే తీసిచ్చింది. వాటిని తాకట్టు పెట్టి బండి కొన్నారు. మూడు పంటలు సొంత పొలంతో పాటు ఊళ్లో వాళ్ల పొలాలూ బాడుగకు దున్నాక గాజులు ఇంటికొచ్చాయి. కాసుల పేరు రాలేదు. పొలం మాత్రం నిలిచింది. కొడుకులిద్దరి చదువులూ దాని మీదే నడిచాయి.

‘‘మరి నాయన తాత కొన్నాడని చెప్పేవాడేంటమ్మా?’’ అని పెద్ద కొడుకు అడిగారు.

‘‘పెళ్లాం నగలతో కొన్నానని నలుగురిలో చెప్పుకుంటాడా?’’

‘‘నువ్వయినా చెప్పలేదే!’’

‘‘ఎవరడిగారు నాయనా?’’ అని మళ్లీ చిక్కుడుకాయల మీదికి వంగింది.

తండ్రి అబద్ధమాడారనుకోవడానికి పెద్ద కొడుకుకు ఇప్పటికీ మనసు రాదు. తండ్రిపోయిన ఏడాదిలో అప్పులవాళ్ల ముందు తలెత్తుకుని తిరగడానికి ఆయనకు ఆ కథ అవసరమై ఉండొచ్చు. ఆ తర్వాత అలవాటై ఉండొచ్చు. రేకు మీది నంబరు బండి ఎప్పుడు పుట్టిందో చెప్పగలదు గానీ, ఎవరి మెడలోంచి వచ్చిందో చెప్పలేదు. అది చెప్పగలిగిన మనిషి మాత్రం ఇన్నేళ్లూ ఆ పెరటి గుమ్మంలోనే కూర్చునుంది.

కేఫ్ వాళ్లకు కబురు చేశారు. 1956, కొవెంట్రీ అని రాస్తేనే ఇస్తామన్నారు. వాళ్లు ఆలోచించి చెబుతామన్నారు. రేటు తగ్గిస్తారేమోనని తమ్ముడి దిగులు.

తల్లికి అభ్యంతరమేమీ లేదు. ‘‘అమ్ముకోండి. ఇనుము ఎన్నాళ్లుంటుంది? కానీ ఆ బోర్డు మీద మీ తాత పేరు మాత్రం రాయించొద్దు’’ అంది.