ఇంట్లో ఎవరూ లేరు

"రేయ్, నువ్వు సీఎస్ఈ కదా. మా బాయిలర్‌కి మంచి స్మార్ట్ కంట్రోలర్ ఏదో చూసి చెప్పు" అని అక్క ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఫోన్ చేసింది. బాయిలర్ అంటే స్నానాల గీజర్ అనుకునేవాణ్ణి. అక్కడ అది గ్యాస్‌తో నీళ్లు కాచి, గదిగదిలో ఉన్న రేడియేటర్లలోకి పంపి ఇల్లంతా వెచ్చగా ఉంచుతుంది.

రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్ షీట్ చేశా. ఓపెన్‌థర్మ్ అనే ప్రోటోకాల్ నాకు భలే నచ్చింది. మామూలు థర్మోస్టాట్ బాయిలర్‌కి ఆన్, ఆఫ్ మాత్రమే చెప్తుంది. ఇదైతే నీళ్లు ఎంత వేడెక్కాలో కూడా చెప్తుంది. తిరిగొచ్చే నీళ్లు దాదాపు 55 డిగ్రీల లోపు ఉంటే, కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరి వేడిని కూడా రాబట్టుకుంటుంది. గ్యాస్ కలిసొస్తుంది. కాకపోతే బాయిలర్‌కి కూడా ఆ ప్రోటోకాల్ తెలిసుండాలి. అక్క వాళ్లదానికి తెలుసు. దానికి తోడు జియోఫెన్సింగ్: అందరి ఫోన్లూ ఇల్లు దాటితే హీటింగ్ దానంతటదే తగ్గిపోతుంది. రెండూ ఉన్నదే కొనిపించా.

జనవరిలో అమ్మ అక్క దగ్గరికి వెళ్లింది. ఒకరోజు క్లాసులయ్యాక వీడియో కాల్ చేశా. అక్కడ ఇంకా మధ్యాహ్నమే. అమ్మ ఇంట్లోనే స్వెటర్, శాలువా, మంకీ క్యాప్‌తో కనిపించింది.

"చలేస్తోందా అమ్మా?"

"చలిదేశం కదరా, ఇక్కడి ఇళ్లు ఇంతేనేమో అనుకున్నా."

"గోడ మీద బటన్లున్నాయి కదా, పెంచుకోవచ్చుగా?"

"ముట్టుకుంటే ఏమవుతుందో ఏమో. బిల్లు కూడా వాళ్లే కదా కట్టేది."

అక్కని యాప్ స్క్రీన్‌షాట్లు పంపమన్నా. అక్క, బావ ఆఫీసుకి వెళ్లగానే రోజూ అదే: "ఇంట్లో ఎవరూ లేరు", 15 డిగ్రీలు. పది రోజులుగా అంతే. అమ్మ ఫోన్‌లో ఆ యాప్ లేదు మరి.

సిస్టమ్‌లో బగ్ ఏమీ లేదు. అది ఫోన్లని లెక్కపెట్టింది, సరిగ్గానే లెక్కపెట్టింది. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడగాల్సింది నేను. నా షీట్‌లో ఆ కాలమే లేదు.

ఆ సాయంత్రమే అక్క జియోఫెన్సింగ్ తీసేసి, పగలు కూడా 20 ఉండేలా షెడ్యూల్ మార్చింది. ఓపెన్‌థర్మ్ అలాగే ఉంచాం. ఇప్పుడెవరైనా ఇలాంటిది చూసిపెట్టమంటే మొదట అడిగేది ఒకటే: ఫోన్ లేనివాళ్లు గోడ దగ్గరికెళ్లి దీన్ని నడపగలరా?

వీడియో కాల్‌లోనే అమ్మకి ఆ బటన్లు నేర్పించా. మర్నాడు తనే ఫోన్ చేసింది.

"21 చేశానురా. ఏమీ పేలలేదు."