వెలుతురున్నంతసేపు రోమ్

"రోమ్‌లో మూడు రోజులు" అని వెతికితే దొరికే వ్యాసాలన్నీ ఒకే మనిషి కోసం రాసినట్టుంటాయి. ఆ మనిషి పొద్దున ఏడున్నరకల్లా కొలోసియం ముందు క్యూలో ఉంటాడు. పదకొండుకి ఫోరం, ఒంటిగంటకి పాస్తా, రెండున్నరకి పాంథియన్, సాయంత్రం ఫౌంటెన్‌లో నాణెం. వాడికి మోకాళ్లు నొప్పి పుట్టవు. ఎండ తగలదు. బాత్రూం ఎక్కడుందని అడగడు. టైముకి వేసుకోవాల్సిన మందు ఏదీ లేదు. రెండు నెలలుగా ఇలాంటివి నలభై దాకా చదివాను. చదివిన పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు మాటలు రాసే అలవాటు ఉండటం వల్ల కాబోలు, వీటిని కూడా ఒక సాహిత్య ప్రక్రియలాగానే చూడటం మొదలుపెట్టాను. ప్రక్రియగా దీని లోపం ఒక్కటే, పాత్రకి ఒళ్లు లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య అలా కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట సుమారు వందమంది. కాశీయాత్ర చరిత్రని భక్తి పుస్తకం అనుకుని తెరిచినవాళ్లకి ముందుగా కనిపించేది మజిలీల లెక్క. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, అంగళ్లలో ఏం దొరుకుతాయి, నీళ్లు ఎలాంటివి, వచ్చే దారి ఇసుకా రాళ్లా, ఏరు దాటడానికి వీలుందా. కొందరికి ఇదంతా విసుగు. నాకు మాత్రం ఈ రెండు నెలల్లో అందులోని ప్రతి వాక్యం పనికొచ్చే వాక్యంగా కనిపించింది. తన వెంట నడుస్తున్నవాళ్ల కడుపులూ కాళ్లూ గుర్తున్నవాడు రాసిన పుస్తకం అది.

నా వెంట నడవబోయేది మా బాపు.

బాపుకి అరవై తొమ్మిదేళ్లు. తొర్రూరు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యాడు. రెండేళ్లు నేనూ ఆయన క్లాసులో కూర్చున్నాను. బడిలో "సార్", ఇంట్లో "బాపు". ఆయన మ్యాపు వేలాడదీసేవాడు కాదు, చాక్‌పీసుతో గీసేవాడు. మధ్యధరా సముద్రం గీయడం మొదలుపెడితే క్లాసంతా ఇటలీ బూటు కోసం ఎదురుచూసేది. ఆ బూటు సిసిలీని తన్నుతున్నట్టు గీసి, "రోము ఎప్పుడు పుట్టింది?" అనేవాడు. "క్రీస్తు పూర్వం 753!" అని గోడలు అదిరేలా అరిచేవాళ్లం. ఏడు కొండల నగరం అనగానే ప్రతి ఏడూ ఎవడో ఒకడు "తిరుపతి సార్" అనేవాడు. ఆయన కోప్పడకుండా శేషాద్రి నుంచి వేంకటాద్రి దాకా వాడితోనే చెప్పించి, పక్కన పాలటైన్, కాపిటోలైన్, అవెంటైన్ అంటూ ఇంకో ఏడు రాసేవాడు. ఆ ఊరిని ముప్పై ఏళ్లు చెప్పాడు. చూడలేదు.

మూడేళ్ల కింద గ్లకోమా అని తేలింది. నడిమి చూపు బాగానే ఉంది, పేపరు చదువుతాడు. పక్క చూపు తగ్గుతూ వస్తోంది. ఎండలోంచి మసక గదిలోకి వస్తే కాసేపు ఏమీ ఆనదు. మెట్ల అంచు దొరకదు. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందుతో ఉన్నదాన్ని నిలుపుకోవడమే. "రోమ్ పోదామా?" అని నేను అడిగింది ఆ చీటీ చదివిన తర్వాతే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

అక్క అన్నది. "చూపు సరిగ ఆనని మనిషిని తీస్కపోయి గా దేశంల ఎక్కడన్న పడేస్తవు. గన్ని పైసలు పెట్టేదుంటే కాశికి తీస్కపోరాదు?" ఆమె మాటల్లో తీసిపారేయాల్సింది ఏమీ లేదు. పడితే? బీమా ఉంటుంది, నిజమే. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్యఖర్చుకి బీమా చూపించాల్సిందే. కానీ పాత జబ్బులకి సంబంధించిన పేరాలు బీమా కాగితంలో ఎంత చిన్న అక్షరాల్లో ఉంటాయో అందరికీ తెలుసు. నేను జవాబు వెతుక్కునేలోపే బాపు అన్నాడు: "కాశిల మెట్లు లేవా బిడ్డా?"

వీసా కాగితాల్లో రోజువారీ ప్రయాణ ప్రణాళిక కూడా జతచేస్తారు. ఫారం నింపుతుంటే ఇంకో తమాషా. పాస్‌పోర్టులో పుట్టిన చోటు తొర్రూరు, వరంగల్. ఇప్పటి చిరునామా తొర్రూరు, మహబూబాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మనిషీ ఊరూ కదలకుండానే జిల్లా కదిలిపోయింది. ఇటలీ వాళ్లకి ఇదేం అర్థమవుతుందోనని నేను కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాస్తుంటే బాపు నవ్వాడు. "రాజ్యాలే మారినయ్, జిల్లా మారితే ఏంది?"

స్ప్రెడ్‌షీట్ తెరిచి మామూలుగా అందరూ పెట్టే కాలమ్స్ పెట్టాను. చోటు, టికెట్ ధర, తెరిచే వేళ, దూరం. రెండు రోజులు దానితో కుస్తీ పట్టాక ఇంకో కాలమ్ చేర్చాను: వెలుతురు. అంతే, జాబితా అంతా తలకిందులైంది.

మొదట పోయింది సిస్టీన్ చాపెల్. మసక వెలుతురు, కిక్కిరిసిన జనం, ఇరవై మీటర్ల ఎత్తులో మైకెలాంజెలో బొమ్మలు. అక్కడికి చేరడానికి వాటికన్ మ్యూజియం హాళ్లన్నీ దాటాలి. తీసేశానని భయంభయంగా చెప్పాను. "గది పుస్తకంలనే మంచిగ కనిపిస్తది" అన్నాడు. అచ్చులో చూసిన బొమ్మ అసలు బొమ్మ కాదని వాదించే వ్యాసాలు నేనే రెండు మూడు మెచ్చుకుంటూ రాశాను. ఈసారి నోరు మూసుకున్నాను. అచ్చు బొమ్మని ముఖానికి కావలసినంత దగ్గరగా పెట్టుకోవచ్చు, దీపం కింద పెట్టుకోవచ్చు. అసలు బొమ్మ ఆ వీలు ఇవ్వదు.

తర్వాత ఫోరం. పాతరాళ్లు ఎగుడుదిగుడుగా పరిచిన ఆ దారిలో నడవడం బాపుకి కష్టం. కాపిటోలైన్ కొండ మీద, నగరపాలక భవనం వెనక నిలబడితే ఫోరం మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది, టికెట్ కూడా అక్కర్లేదు. పైనుంచి చూపు అంటే మ్యాపు చూపు. ఆయనకి అలవాటైన చూపు అదే. ఆ ఫోరం శతాబ్దాల పాటు మట్టిలో కూరుకుపోయి పశువుల మేత బీడుగా ఉండేదని, ఊరి జనం దాన్ని కాంపో వచ్చీనో, అంటే ఆవుల బీడు, అనేవాళ్లని చదివి వినిపించాను. "మన కోటల పత్తి పెడ్తలేరా, గట్లనే" అన్నాడు.

ఆ మాటతో నా పనికి అడ్డం పడింది. "ముందుగాల ఓరుగల్లుకు మూడు రోజుల ప్లాన్ రాసి చూపియ్యి, తర్వాత రోము రాద్దువు" అన్నాడు. సార్ హోంవర్క్ ఇచ్చాడన్నమాట. తొర్రూరు నుంచి వరంగల్‌కి యాభై కిలోమీటర్ల పైచిలుకు. వర్ధన్నపేట మీదుగా బస్సులో గంటన్నర. అందరూ ఓరుగల్లుకి ఇచ్చేది సగం రోజు: వేయిస్తంభాల గుడి, కోటలో తోరణాల ముందు ఫొటో, భద్రకాళి, మళ్లీ హైవే. రాయడానికి కూర్చుంటే తెలిసింది, మూడు రోజులు చాలవు. బయటి మట్టికోట ఎక్కి నిలబడడానికే ఒక పొద్దు కావాలి. లోపలి రాతికోట, మధ్యలో ఇళ్లూ పొలాలూ, నడుమ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఆ తోరణాలు కాపలా కాసిన స్వయంభూ శివుడి గుడి మాత్రం లేదు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లుని పట్టుకుని దాని పేరు సుల్తాన్‌పూర్ అని మార్చింది. తర్వాతి వాళ్ల ఖుష్ మహల్ ఆ పక్కనే ఉంది. గుడి పోయి గుమ్మాలు మిగిలిన రాజధాని, మన పక్కనే.

మూడో రోజు రామప్ప రాశాను. అక్కడే బాపు, నేను ఎదురుచూడని చోట నన్ను పాంథియన్‌కి తీసుకుపోయాడు.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఈ ముచ్చట అందరికీ తెలిసింది కానీ, బాపు పిల్లలకి అంతకు చాలా ముందునుంచే చెప్పేవాడు. కింద బరువైన రాయి, పైన బరువు లేని ఇటుక. పాంథియన్‌లోనూ అదే ఉపాయం. హాడ్రియన్ కాలంలో, అంటే రామప్పకి వెయ్యేళ్లకు పైగా ముందు, కట్టిన గుమ్మటం అది. 43 మీటర్ల వెడల్పు, నేల నుంచి ఎత్తూ అంతే. ఇనుప కమ్మీ ఒక్కటి లేని కాంక్రీటు. అడుగున మందం ఆరు మీటర్లు, పైకి పోయేకొద్దీ తగ్గుతూ మీటరు పైచిలుకు. కాంక్రీటులో కలిపిన రాయి కూడా పైకి పోయేకొద్దీ తేలికవుతుంది. అన్నింటికన్నా పైన వాడింది పుమిస్, అగ్నిపర్వతాల రాయి, అదీ నీళ్లలో తేలేదే. ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివిన నాకు ఎవరూ ఈ రెండింటినీ కలిపి చెప్పలేదు. ఇది వాళ్లకి వాళ్లు నేర్పారని బాపు అనలేదు, అంటే నేను ఒప్పుకునేవాణ్ణీ కాదు. బరువు మోయాల్సిన మనుషులు ఎక్కడున్నా ఒకేలా ఆలోచిస్తారని మాత్రం అన్నాడు.

గుమ్మటం నడినెత్తిన గుండ్రటి ఖాళీ ఉంది. గాజు లేదు, మూత లేదు. పేరు ఓకులుస్, లాటిన్‌లో కన్ను. బాపు తన కంటి చీటీ తీసి, కుడి కన్నుకి ఓ.డి., ఎడమ కన్నుకి ఓ.ఎస్. అని డాక్టరమ్మ రాసిన అక్షరాలు చూపించి, "ఓ అంటే గిదేనా?" అన్నాడు. గదే. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. ముప్పై ఏళ్లుగా పిల్లలు తనని అడిగిన ప్రశ్నట. "వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పోతయ్?" నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుందని, రాతిలో చిన్న చిన్న చిల్లులు తొలిచి ఉన్నాయని, వాటిలోంచి నీళ్లు దిగిపోతాయని చెప్పాను. విన్నాడు. "అది చూడాలె" అన్నాడు. మొత్తం రోమ్‌లో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

దాంతో నెల ఎంచుకోవడం కష్టమైంది. రోమ్‌లో వాన కావాలంటే నవంబరు. కానీ నవంబరులో ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. తడిసిన నల్లరాతి వీధుల్లో, చీకట్లో బాపుని నడిపించడం నావల్ల కాదు. వెలుతురు కావాలంటే జూన్, జూలై. అప్పుడు పొద్దు చాలా ఉంటుంది, వాన ఉండదు, ఎండ మన ఎండే. వాన కావాలా, పొద్దు కావాలా అని వారం రోజులు ఇటూ అటూ లాగాం. చివరికి ఏప్రిల్ దగ్గర ఆగాం. సాయంత్రం ఎనిమిది దాకా వెలుతురు, మధ్యమధ్య వానకి కొంచెం ఆశ. తేదీ మాత్రం బాపుదే: ఏప్రిల్ 21. రోమ్ పుట్టినరోజుగా చెప్పుకునే రోజు అది, మేం గోడలు అదిరేలా అరిచిన 753 తాలూకు తేదీ. ఆ రోజు నడిమధ్యాహ్నం కంటిలోంచి దిగే ఎండ సరిగ్గా గుమ్మం మీద పడుతుంది. వాన లేకపోయినా ఎండ ఉంటుంది.

మిగతాది తొందరగానే అయిపోయింది. బస స్టేషన్ దగ్గర చవకగా కాదు, పాంథియన్‌కి నడిచే దూరంలో, కాస్త ఖరీదైనా. మధ్యాహ్నం తిరిగొచ్చి పడుకోవాలి కదా. కొలోసియం టికెట్ మీద మనిషి పేరు ఉంటుంది, పాస్‌పోర్టు చూపించాలి, లోపల లిఫ్టు ఉంది. పాంథియన్‌కి 2023 నుంచి టికెట్ ఉంది, పెట్టినప్పుడు 5 యూరోలు. దాని దగ్గర్లోనే సాన్ లూయిజీ చర్చి. అందులో కారవాజ్జియో గీసిన సెయింట్ మాథ్యూ బొమ్మలు మూడు. చీకటి మూల కాబట్టి ముందు కొట్టేద్దామనుకున్నాను. కానీ అక్కడ ఒక డబ్బా ఉంటుంది, నాణెం వేస్తే కొద్ది నిమిషాలు దీపాలు వెలుగుతాయి. చిల్లర ఎంత పట్టుకెళ్లాలో కూడా రాసుకున్నాను. వీధివీధినా ఎప్పుడూ పారే మంచినీళ్ల కుళాయిలున్నాయి, ఊరంతా కలిపి రెండున్నర వేల దాకా. వీరాస్వామయ్య అయితే ముందు వాటి గురించే రాసేవాడు.

షీట్‌లో మూడు రోజులూ సాయంత్రం ఐదున్నరకి ఒకే గడి. బాపు ఇక్కడ రాత్రి తొమ్మిదికి వేసుకునే చుక్కల మందు ఏప్రిల్‌లో అక్కడి లెక్కన ఐదున్నరకి పడుతుంది. మూడు రోజులకోసం వేళ మార్చొద్దని డాక్టరమ్మ చెప్పింది. చుక్క వేశాక కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవాలి. కాబట్టి ఆ వేళకి ఎక్కడున్నా కూర్చునే చోటు ఉండాలి. మొదటి రోజు నవోనా చౌకులో బెంచీ. రెండో రోజు కొండ మీద, ఫోరం వైపు ముఖం పెట్టి.

మూడో రోజు మధ్యాహ్నం ఖాళీగా వదిలాను. నిన్న చూస్తే ఆ గడిలో ఏదో టైపు చేసి ఉంది. బాపుకి నా లాప్‌టాప్ పాస్‌వర్డ్ తెలుసు. తెలుగు కీబోర్డు వాడటం కూడా వచ్చిందని ఇప్పుడే తెలిసింది. "వాన వడితె మల్ల పాంథియన్. ఇంకొక టికెట్."