కలుపు కాదు, చెరకే

రాస్ తనూరాలో రాత్రి పూర్తిగా చీకటి పడదు. 1945 నుండి నడుస్తున్న చమురు శుద్ధి కర్మాగారపు మంట సముద్రపు గాలికి ఊగుతూ ఆకాశాన్ని ఎర్రగా ఉంచుతుంది. అరబ్బీలో ‘రాస్’ అనగా కొన, ‘తన్నూర్’ అనగా రొట్టెల పొయ్యి. మా కుమారుని ఇంట రెండు మాసాలు ఉన్నప్పుడు, ఆ పేరు తగినదేనని అనుకున్నాము.

పక్క వాటాలో భీమవరం ప్రాంతపు కుటుంబం ఉండేది. వారి ఏడేండ్ల పాపకు రక్త క్యాన్సరు. మొదటి నెల చికిత్స ముగిసేసరికి పరీక్షలో వ్యాధికణాలు కనిపించలేదు. అయినను ఇంకా రెండేండ్లకు పైగా మందులు వాడాలని వైద్యులు చెప్పారు. ఒక సాయంత్రం తండ్రి వచ్చి, “మాష్టారూ, రోగం కనపడట్లేదని వాళ్ళే అంటున్నారు. మళ్ళీ మందెందుకండీ? నోటిపూతతో పిల్ల అన్నం మింగలేకపోతోంది. ఊరు తీసుకెళ్ళిపోతామండీ” అన్నారు.

మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. పూర్వం మా అక్కగారు, గడ్డ కరిగినదని రొమ్ము క్యాన్సరు చికిత్స మధ్యలో మానుకొనగా, మేము సరేనన్నాము. ఏడాదిన్నరకు అది తిరిగి వచ్చి ఆమెను తీసుకొనిపోయినది. పిల్లలకు చదువు చెప్పిన మేము ఆనాడు అడగవలసిన ప్రశ్న అడగలేదు.

ఈసారి మౌనంగా ఉండలేదు. రాత్రి బడిలో నేర్చిన మా తెలుగులోనే చెప్పాము. “బాబూ, మా తాతలు నేటాలు చెరకు తోటలలో కలుపు తీసినవారు. కలుపు రూపు వేరు గనుక చేతికి దొరుకుతుంది. క్యాన్సరు కలుపు కాదు, హద్దు మరచిన చెరకే. మన కణమే అది. దానిని చంపే మందు నోటిలో, పేగులో, జుట్టు మొదళ్ళలో వేగంగా పెరిగే మంచి కణాలనూ బాధిస్తుంది. సూక్ష్మదర్శినికి కనిపించకపోయినా కోట్ల కొలది కణాలు మిగిలి ఉండవచ్చు. కొన్ని మందు సులభంగా చేరని మెదడు చుట్టూ దాగుతాయి. మందును తట్టుకొనగల కణం ఒక్కటి మిగిలినా, దాని సంతతే తిరిగి పొలమంతా నిండుతుంది.”

పిదప మీ ఊరివారి కథయేనని చెప్పాము. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించారు. అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లంపై పనిచేసి, దానిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ మందును 16 మంది పిల్లలకు ఇచ్చిన ఫలితాలను ప్రకటించారు. 10 మంది తేరుకున్నారు, కాని ఆ మేలు తాత్కాలికమే. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఒక్క మందు చాలదని తెలిసి, తరువాతివారు పలు మందులను కలిపి ఏండ్ల తరబడి ఇచ్చుట నేర్చారు. నేడు మంచి వైద్యం అందే దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో పదింట తొమ్మండుగురు బ్రతుకుతున్నారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “మా భీమవరం ఆయనా!” అని మాత్రం అన్నారు. మరునాడు పాపను ఆసుపత్రికి తీసుకొనివెళ్ళారు.

మొన్న ఫోనులో పాప పలికింది: “తాతగారూ, ఇవాళ సుబ్బారావుగారి మాత్ర రోజు!” వారానికొకసారి వేసుకొనే మెథోట్రెక్సేట్ కూడ ఆయన బృందపు కృషి ఫలమే. చికిత్స ఇంకా పదకొండు నెలలున్నది. స్వామి సన్నిధిలో ఆ నెలలను లెక్కపెడుతున్నాము. అక్కగారి పేరున కూడ ఒక దీపం పెడుతున్నాము.