మా తాతగారి కారు – ట్యాంకులోని తుప్పు

బందరులోని మా యింటి పాకలో 1968వ సంవత్సరమునాటి అంబాసడరు కారొకటి కలదు. అది మార్కు 2 రకమునకు చెందినది. మా తాతగారు బడిపంతులుగా నుండి కూడబెట్టిన సొమ్ముతో దానిని పాతబండిగా గొనిరి. కలకత్తా చెంతనున్న ఉత్తరపారా కర్మాగారమున తయారైన యీ జాతి కార్లు 2014తో నిలిచిపోయినవి గనుక, క్రొత్తది కొందమన్నను దొరకదు. మొదట రిజిస్టరు చేసిన నాటినుండి ఏబది యేండ్లు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా గుర్తించుచు 2021లో కేంద్రప్రభుత్వమువారు నిబంధనలు చేసిరి. వయస్సును బట్టి మా కారునకును ఆ గౌరవము దక్కవలసినదే గాని, అందుకు తగినట్లు మేము దానిని చూచుకొనలేదు. ఆ సంగతియే యిక్కడ వ్రాయుచున్నాము.

2016లో నాన్నగారికి హైదరాబాదుకు బదిలీ యయ్యెను. కారును బందరులోనే యుంచి వెళ్లితిమి. టైర్లపై బరువు పడకుండ క్రింద దిమ్మలు పెట్టితిమి. బ్యాటరీ తీగ విప్పితిమి. పైన దళసరి దుప్పటి గప్పితిమి. పెట్రోలు సంగతి వచ్చినప్పుడు మాత్రము మాకు పొదుపుబుద్ధి పుట్టెను. “సగము ట్యాంకు ఉన్నది గదా, నిండుగా పోసి డబ్బు పాడుచేయనేల?” అని నాన్నగారితో అన్నది మేమే.

2022 వేసవిలో మా నాయనమ్మగారు, “ఒరేయ్, మీ తాతగారి బండిలో ఒక్కసారి అవనిగడ్డ తీసుకొని పోరా” అనిరి. అవనిగడ్డ ఆమె పుట్టినిల్లు. ఆమెకప్పుడు ఎనుబదియాఱేండ్లు. పాతపెట్రోలు తీసివేసి, క్రొత్తది పోసి, బ్యాటరీ మార్చగా ఇంజను పలికినది. మా సంతోషమునకు మేర లేదు. కాని చల్లపల్లికి ఇంకను కొంత దూరముండగనే బండి దగ్గి ఆగినది. పది నిమిషములకు మరల కదలి, మరల ఆగినది. ఇట్లు నాలుగైదు మారులు జరిగినది. మిట్టమధ్యాహ్నపు టెండలో నాయనమ్మగారు తుమ్మచెట్టు నీడను కూర్చుండిరి. ఆమె యొక్క మాటయు ననలేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించినది. చివరకు ఆమెను ఆటోలో ఇంటికి పంపి, కారును ట్రాక్టరునకు కట్టి యీడ్పించుకొని వచ్చితిమి.

మఱునాడు మేస్త్రీ వచ్చి పెట్రోలు వడకట్టు గిన్నె విప్పగా, అడుగున ఇటుకపొడివంటి ఎఱ్ఱని మడ్డి కనబడినది. “మీ యింజను బంగారం బాబూ. జబ్బు కడుపులో ఉంది” అని ట్యాంకును చూపెను.

ఎనిమిదవ తరగతిలో మూడు పరీక్షనాళికలలో మూడు ఇనుపమేకులు వేసి చూచిన ప్రయోగము మనలో పలువురకు జ్ఞాపకముండును. నీరును గాలియు కలిసియున్న నాళికలోని మేకునకే తుప్పు పట్టినది. మిగిలిన రెండును మెఱయుచునే యుండినవి. ఆ ప్రయోగమునకు మార్కులు తెచ్చుకొన్న మేమే, మా కారు ట్యాంకును ఆ తుప్పు పట్టిన నాళికగా చేసితిమి! ట్యాంకు ఉక్కురేకుతో చేసినది. సగము ఖాళీగా నున్న ట్యాంకులో గాలి చేరియుండును. పగటి వేడికి ఆ గాలి వ్యాకోచించి బయటికి పోవును. రాత్రి చల్లబడగా బయటిగాలి లోనికి వచ్చును. సముద్రతీరమగు బందరులో ఆ గాలితోపాటు ఎంత తేమ వచ్చునో చెప్పనక్కఱలేదు. ఆ తేమ రేకుమీద చెమటవలె పట్టి బొట్లుబొట్లుగా జాఱును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగునకు చేరి, అచ్చటనే నిలిచిపోవును. ఆఱేండ్లపాటు ప్రతిదినము ట్యాంకు ఇట్లే ఊపిరి పీల్చి విడిచినది.

ట్యాంకును విప్పి, ముందుగా సబ్బునీటితో పలుమార్లు కడిగితిమి. ఖాళీ ట్యాంకు నిండుట్యాంకుకంటె ప్రమాదకరమైనది. అందులోని పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలును. వింత చూడవచ్చిన పొరుగాయన చేతిలో వెలుగుచున్న సిగరెట్టును చూచి, మేస్త్రీ ఆయనను వీధిదాక తఱిమెను! తరువాత నిమ్మ ఉప్పు వేడినీటిలో కరగించి, ట్యాంకు నిండ పోసి ఒక రాత్రి యుంచితిమి. ఉదయమునకు లోపలి రేకు బూడిదరంగు తేఱినది. వంటసోడా నీటితో పులుపు విఱిచి, మంచినీటితో కడిగి, అలసిపోయి, ఎండలో పెట్టి భోజనమునకు పోతిమి. తిరిగి వచ్చి చూడగా రేకంతయు పసుపుపచ్చని క్రొత్త తుప్పు! కడిగిన ఇనుము తడితో ఒక్క గడియయైనను ఓర్వదని అప్పుడు తెలిసినది. పని మరల మొదటికి వచ్చినది. రెండవమాఱు కడిగిన వెంటనే వేడిగాలి కొట్టి ఆఱబెట్టి, ఇంజను నూనె పోసి, ట్యాంకును నలుప్రక్కల దొర్లించితిమి. కార్బురేటరు, పెట్రోలు పంపు, గొట్టములు బాగుచేయించుటకు మఱి రెండు నెలలు పట్టినది.

ఈలోగా నాయనమ్మగారు కాలుజాఱి పడి మంచము పట్టిరి. వైద్యులు ప్రయాణము వలదనిరి. కారును అరుగుదాక తెచ్చి, ఆమెను ఎత్తి ముందుసీటులో కూర్చుండబెట్టి, వీధి చివరి వఱకు త్రిప్పి తెచ్చితిమి. “మీ తాతగారు ఇంత మెల్లగా నడిపేవారు కాదురా” అనిరి. అవనిగడ్డ ప్రయాణము ఇక జరుగనే లేదు.

ఇప్పుడు కారును పదునైదు దినముల కొకసారి నడుపుచున్నాము. ట్యాంకులో గాలికి చోటు తక్కువగా నుండునట్లు, పెట్రోలు ఉబ్బుటకు మాత్రము కొంచెము ఎడము విడిచి, నిండుగా ఉంచుచున్నాము. అయితే దీర్ఘకాలము నిలుపవలసినప్పుడు ఈ యుపాయమును నమ్మము. 2022లో నూటికి పది పాళ్లుగా నున్న ఇథనాలు 2025 నాటికి పెట్రోలులో ఇరువది పాళ్లయినది. అది తేమను తనలోనికి లాగుకొనును. తేమ మితిమీఱినచో నీటితో కలిసి పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. పాతకార్ల రబ్బరు గొట్టములకును అది పడదు. మా బండికి వానిని మార్పించితిమి. కనుక నెలల తరబడి ఊరు విడుచునప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీచేసి, ఆఱబెట్టి, నూనె పట్టించి, మూతులు బిగించి పోవుచున్నాము.

పెట్రోలు బంకులో నాన్నగారు ప్రతిమాఱును మా వైపు తిరిగి, “ఏమిరా, సగము చాలునా?” అని అడుగుచుందురు.