మార్టీ జెన్నెటీ ఎన్నో ర్యాంకు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, సూర్యాపేట దాటాక హైవే మీద ఒక హోటల్లో ముగ్గురం కూర్చుని మూడు గంటలు కొట్టుకున్నాం. "ఇప్పటిదాకా వచ్చిన రెజ్లర్లలో ఎవడు గొప్ప" అనేది టాపిక్కు. ముగ్గురికీ ఇరవై ఎనిమిదేళ్ళు. ఒకడికి పెళ్ళై కూతురు కూడా ఉంది. నవ్వుకోండి, ఏం పర్లేదు.

ముందు పాత్రల పరిచయం. ఇంజనీరింగ్ హాస్టల్లో మాకు ఊళ్ళ పేర్లే పేర్లు. నేను సూర్యాపేట. రెండోవాడు కోదాడ, హైదరాబాదులోనే డేటా అనలిస్టు, బియ్యం కొనాలన్నా ముందు ఎక్సెల్ తెరిచే రకం. మూడోవాడు మిర్యాలగూడ. వాడు మాత్రం వాళ్ళ ఊళ్ళోనే ఒక రైస్ మిల్లులో లెక్కలు, కంప్యూటర్లు, లారీలు అన్నీ చూసుకుంటాడు. అసలు పేర్లు రాస్తే తంతారు కనుక ఇలాగే కానిద్దాం.

గొడవకి కారణం జాన్ సీనా. 2025 డిసెంబరులో ఆఖరి మ్యాచి ఆడి రిటైరయ్యాడు కదా (గుంథర్ చేతిలో ట్యాప్ అవుట్ అయి మరీ! ఆ బాధ నాకింకా తీరలేదు), ఆ ఊపులో కోదాడ ఒక షీట్ తయారుచేశాడు. ప్రపంచ టైటిళ్ళకి ఇన్ని మార్కులు, టైటిల్ చేతిలో ఉన్న రోజులకి ఇన్ని, రెజిల్‌మేనియాలో ఆఖరి మ్యాచి ఆడితే ఇన్ని. పదిహేడు టైటిళ్ళతో సీనా మొదటి స్థానం, పదహారుతో రిక్ ఫ్లేర్ రెండు, ఆ తర్వాత మిగతా పెద్దమనుషులు. మిర్యాలగూడ ఫోన్ తీసుకుని కిందికి జరుపుతూ పోయాడు, జరుపుతూనే ఉన్నాడు.

"హార్డీలు ఏడున్నర్రా?"

"జెఫ్ హార్డీ నలభైలో ఉన్నాడు చూడు. మాట్ ఇంకా కిందకి."

"ఇద్దరూ కలిసి ఏడున్నరని అడుగుతున్న."

షీట్‌లో కలిసి అనే వరసే లేదు. ఒక మనిషికి ఒక వరస. అక్కడ మొదలైంది.

నిజానికి ఈ రోగం కోదాడది మాత్రమే అనలేను. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో నాన్నని ఏడిపించి ట్రంప్ కార్డులు కొనిపించుకున్నాను. ర్యాంక్, హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. బైసెప్స్ అంటే ఏ భాగమో తెలీదుగానీ ఎవడికి ఎన్ని అంగుళాలో కంఠతా వచ్చు. బిగ్ షో కార్డు చేతికొస్తే కళ్ళు మూసుకుని "వెయిట్" అనేవాళ్ళం. ఆ కార్డులమీద ఉన్న అంకెలన్నీ ఒక ఒంటికి సంబంధించినవే. పక్కవాడికి ఎన్నిసార్లు చెయ్యందించాడు అనే గడి ఏ కార్డు మీదా చూళ్ళేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత కోదాడ చేసింది అదే కార్డు, కాకపోతే పివట్ టేబుల్‌తో :)

పెద్ద పత్రికల సంగతీ అంతే. అమెరికాలో ప్రో రెజ్లింగ్ ఇలస్ట్రేటెడ్ అని ఒక పత్రిక ఉంది, 1991 నుంచి ఏటా ఐదు వందల మందికి ర్యాంకులిస్తుంది. మొదటి ఏడు హల్క్ హోగన్‌కి ఒకటో ర్యాంకు. అదంతా సింగిల్స్ లెక్కే. జట్లకి విడిగా ఏటా జాబితా వెయ్యడం 2020లో గానీ మొదలుపెట్టలేదు. రెజిల్‌మేనియా 1985లో మొదలైతే, ట్యాగ్ టైటిల్ కోసం జరిగే మ్యాచి ఆ రాత్రికి ఆఖరి మ్యాచిగా రావడానికి 2023 దాకా ఆగాల్సొచ్చింది. అది కూడా ఊసోలు 622 రోజులు టైటిల్ పట్టుకుని కూర్చుంటే వచ్చిన చోటు.

ట్యాగ్ మ్యాచి చూడనివాళ్ళకి రెండు ముక్కలు. ఇద్దరికి ఇద్దరు. ఒక సమయంలో ఒక్కడే లోపల, రెండోవాడు తాడు బయట నిలబడి ఉంటాడు, చెయ్యి తగిలిస్తేనే లోపలికి రావాలి. మంచి మ్యాచిలో లోపలున్నవాణ్ణి అవతలివాళ్ళు వంతులవారీగా పది నిమిషాలు చావగొడతారు. వాడు పాక్కుంటూ తన మూలకి వస్తాడు, ఇంకో జానెడు దూరం ఉందనగా కాలు పట్టుకుని వెనక్కి లాగేస్తారు. మళ్ళీ పాకుతాడు. చివరికి చెయ్యి తగుల్తుంది, బయటున్నవాడు ఉరికొచ్చి అందర్నీ ఉతికేస్తాడు, జనం లేచి నిలబడతారు. దీన్ని హాట్ ట్యాగ్ అంటారు. చప్పట్లన్నీ ఉతికినవాడికి. పనంతా పాకినవాడిది.

ఈ పాకే పనిలో రికీ మోర్టన్ అనే ఆయన ఎంత మొనగాడంటే, రాబర్ట్ గిబ్సన్‌తో కలిసి 1980లలో రాక్ 'ఎన్' రోల్ ఎక్స్‌ప్రెస్ అని ఆడాడు, ఆ దెబ్బలు తినే పాత్రని రెజ్లర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. (అంతా స్క్రిప్టే కదా అనే మహానుభావులకి: తెలుసండీ. ఆ స్క్రిప్టుని జనం నమ్మేలా చెయ్యడం గురించే మాట్లాడుతున్నాం.)

ఇవన్నీ మిర్యాలగూడ వాదనలు. నేను మొదట్నుంచీ అవతలి పక్షం. సింగిల్స్ స్టార్‌కి దాక్కోవడానికి ఎవరూ ఉండరు. మైకు వాడే పట్టుకోవాలి, మ్యాచి వాడే మోయాలి, ఫ్లాపైతే వాడే ఫ్లాపు. లైట్లన్నీ ఆర్పేసి, గంట మోగించి, అండర్‌టేకర్ ఒక్కడూ అంత నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంటే చాలదా? రెజిల్‌మేనియాల్లో వరసగా 21 గెలిచి 2014లో లెస్నర్ చేతిలో ఓడిపోయినప్పుడు హాస్టల్‌కి రాకముందు, ఇంటర్ చదివే రోజుల్లో, నేను అన్నం తినలేదు. కోదాడ మధ్యలో దూరి "కేన్‌తో కలిసి ట్యాగ్ టైటిళ్ళు కూడా గెలిచాడుగా" అన్నాడు. నిజమే. ఆ కేన్ 2018లో టెనెస్సీలో నాక్స్ కౌంటీకి మేయరయ్యాడు, అదింకో కథ.

సరే, వాదన ఇలా సాగుతుంటే షాన్ మైకేల్స్ దగ్గర ఆగింది. నా లెక్కలో రింగులోకి దిగాక అతన్ని మించినవాడు లేడు. అదే చెప్పాను. మిర్యాలగూడ చాయ్ గ్లాసు కింద పెట్టి, మామూలుగానే అడిగాడు.

"మరి మార్టీ జెన్నెటీ ఎన్నో ర్యాంకు?"

నేనింక మాట్లాడలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

షాన్ మైకేల్స్, మార్టీ జెన్నెటీ ఇద్దరూ కలిసి రాకర్స్ అనే జట్టు. ఒకే రకం బట్టలు, ఒకే రకం గెంతులు. 1992 జనవరిలో, ఒక మంగలి షాపు సెట్టులో ఇద్దరికీ రాజీ కుదిరినట్టే కుదిరి, షాన్ మార్టీ మొహం మీద తన్ని, కిటికీ అద్దంలోంచి బయటికి విసిరేశాడు. షాన్ 1996 నాటికి ప్రపంచ ఛాంపియన్. మార్టీ పేరు ఒక తిట్టయింది. ఏ జట్టు విడిపోయినా ఫ్యాన్సు అడిగే మొదటి ప్రశ్న "ఇందులో జెన్నెటీ ఎవడు?". అదే జెన్నెటీ 1993 మేలో షాన్‌ని ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచాడనీ, ఆ ఏటి ఉత్తమ మ్యాచిగా పైన చెప్పిన పత్రిక దాన్నే ఎంచిందనీ ఎవరూ గుర్తుపెట్టుకోరు. నెల తిరక్కుండా టైటిల్ పోయిందనుకోండి.

ఇక మా సంగతి. ఇంజనీరింగ్‌లో నేనూ మిర్యాలగూడా ప్రాజెక్ట్ పార్ట్‌నర్లం. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి కదా కోతల టైములో, వాటికి టోకెన్లు, టైములు ఇచ్చే యాప్ చేశాం. ఐడియా వాడిది. ట్రాక్టర్ ఎంతసేపు ఆగుతుంది, తేమ చూడ్డానికి ఎంత పడుతుంది, తూకానికి ఎంత పడుతుంది అన్నీ వాడికే తెలుసు. డేటాబేస్ వాడు రాశాడు, స్క్రీన్లు నేను చేశాను. 2017లో క్యాంపస్ ఇంటర్వ్యూలొచ్చాయి. ముందురోజు ఒక సీనియర్ నాకు చెప్పాడు, "లోపల మేము అనకు, నేను అను. మేము అంటే ఏం చెయ్యలేదని అర్థం."

మర్నాడు నా వంతు ముందొచ్చింది. డేటాబేస్ గురించి అడిగితే "నేను డిజైన్ చేశాను" అన్నాను. ఒక్కసారి అన్నాక ఆగలేదు, ఐడియా కూడా నాదే అయిపోయింది. రాత్రంతా వాడి పక్కన కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి అడిగినవన్నీ చెప్పగలిగాను. నా తర్వాత అదే ప్యానెల్ ముందుకి వాడు వెళ్ళాడు. నాకు ఉద్యోగం వచ్చింది, వాడికి రాలేదు. "ఇంగ్లీషు దగ్గర తడబడ్డారా" అని వాడే చెప్పాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండింది.

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి స్టేడియంలో సూపర్‌స్టార్ స్పెక్టకిల్ జరిగింది, గుర్తుందా? నేనే టికెట్లు తీసి వాణ్ణి పిలిచాను. ఎల్బీనగర్లో బస్సు దిగాడు, మెట్రో ఎక్కాం, అమీర్‌పేటలో మారాం. రాయదుర్గం మెట్రోలో నిలబడి, కడ్డీ పట్టుకుని, బయటికి చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు లోపల నన్నేమడిగిన్రో తెలుసా? ఇందాక వచ్చినబ్బాయి డేటాబేస్ మొత్తం తనే చేశానన్నాడు, మరి నువ్వేం చేశావ్ అని."

"నువ్వేమన్నవ్?"

"అవ్ సార్, వాడే చేసిండు అన్న."

నోట మాట రాలేదు. "ఎందుకన్నవ్ రా?" అన్నాను కాసేపటికి.

"కాదంటే ఇద్దరివీ పోతయ్ గదరా." కాసేపాగి మళ్ళీ వాడే, "మంచోణ్ణి అనుకోకు. రెండేండ్లు నీ ఫోనెత్తలే, యాదుందా? నువ్వేమో నాకు మిల్లు సీజన్ అనుకున్నవ్."

అవును, సీజన్ అనే అనుకున్నాను. రెండేళ్ళూ సీజనే అనుకున్నాను.

రాయదుర్గం మెట్లు దిగుతూ సారీ చెప్పాను. "ముందు టికెట్ల క్యూఆర్ తియ్" అన్నాడు. ఆ రాత్రి కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ జట్టు మన ఇండస్ షేర్ వాళ్ళతో ఆడింది. వారం కిందటే టైటిళ్ళు పోగొట్టుకొచ్చారు వాళ్ళు. చివర్లో జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక పక్క, ఇంపీరియం వాళ్ళు కైజర్, విన్చీ ఒక పక్క. సీనా పాట మోగేసరికి నాకు గొంతు పోయింది. మిర్యాలగూడ చెవి దగ్గరికొచ్చి అరిచాడు, "ఆ ఇద్దరు అసలు జట్టురా. వీళ్ళిద్దరు పోస్టర్ కోసం కలిసిన్రు. ఎవరు ఓడుతరో చూడు." ఇంపీరియమే ఓడిపోయింది. వాడు లేచి నిలబడి ఓడినవాళ్ళకి చప్పట్లు కొట్టాడు, మా బ్లాకులో ఒక్కడే.

ఇప్పుడు మీలో చాలామందికి అప్రైజల్ సీజన్. "ఇందులో నీ ఇండివిడ్యువల్ కాంట్రిబ్యూషన్ ఏంటి" అనే గడి నింపుతూ ఉంటారు. నేను ఆ గడి బాగా నింపుతానని నాకు పేరు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే కాల్‌లో మాట్లాడేది నేను, మ్యూట్‌లో ఉండి సరిచేసేవాడు ఇంకొకడు. వాడి పేరు నా మెయిల్లో ముందు రాయడం 2023 నుంచే మొదలుపెట్టాను. అంతకుముందు ఆరేళ్ళ మెయిళ్ళు... వదిలెయ్యండి.

నా మట్టుకు నా ర్యాంకింగ్ అడిగితే, రింగులో పనితనానికి షాన్ మైకేల్స్ ఇప్పటికీ ఒకటే. దాన్ని మార్చను. కానీ రికీ మోర్టన్‌ని గోల్డ్‌బర్గ్ కంటే పైన పెడతాను. ఒకాయన వరసగా 173 మంది మీద గెలిచాడని చెప్పుకున్నారు, ఇంకొకాయన పక్కవాడు గెలిచినట్టు కనబడేలా చేశాడు. రెండోదే కష్టం. ఎడ్జ్, క్రిస్టియన్ జట్టుని, హార్డీల్ని, డడ్లీల్ని విడదీసి ఎక్కడా పెట్టను. నిచ్చెనలు, బల్లలు, కుర్చీలతో వాళ్ళు ఆరుగురూ ఆడిన 2000, 2001 మ్యాచిలు ఏ ఒక్కడికీ చెందవు.

హోటల్ దగ్గరికొస్తే, కోదాడ జెన్నెటీని షీట్‌లో వెతికాడు. అసలు లేడు. కొత్త వరస వేసి, అంకెలు కొడితే నూట పన్నెండు వచ్చింది. "లెక్క అట్లా ఉంది మరి" అన్నాడు, తప్పు తనది కానట్టు. మిర్యాలగూడ ఫోన్ లాక్కుని, పేరు పక్కన ఇంకో కాలమ్ పెట్టి, పైన "ఎవరితో" అని కొట్టాడు. షాన్ పక్కన జెన్నెటీ. బ్రెట్ హార్ట్ పక్కన నైడ్‌హార్ట్. స్టీవ్ ఆస్టిన్ పక్కన పిల్‌మన్. సీనా దగ్గర ఆగాడు.

"షాన్ మైకేల్స్" అన్నాను. "2007లో ఇద్దరూ ట్యాగ్ ఛాంపియన్లు."

"రెండు నెలల జట్టు. చెల్లదు."

హోటలాయన లైట్లు ఆర్పడం మొదలుపెట్టేసరికి యాభయ్యో వరస దాకా వచ్చాం. అండర్‌టేకర్ పక్కన కేన్ అని రాయాలా, పాల్ బేరర్ అని రాయాలా అన్నది ఇంకా తేలలేదు.