పల్లాడియానికి ప్రింట్ స్టేట్‌మెంట్

మా నాన్న రోజూ పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర లోసార్టన్. మొన్న పండక్కొచ్చిన మా బావ ఆ షీటు చేతిలోకి తీసుకుని, "ఇలాంటివాటి తయారీలో పల్లాడియం వాడతారు, తెలుసా?" అన్నాడు. బావది పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. పల్లాడియం నగల షాపు సరుకు కదా, మాత్రల దగ్గర దానికేం పని అనుకున్నా.

పనుంది. కార్బన్ ముక్కల్ని అతికించే ఉత్ప్రేరకం అది. ఆ అతుకుల కెమిస్ట్రీకే 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు నోబెల్ వచ్చింది. అతికించాక దాన్ని బయటికి పంపెయ్యాలి. మింగే మందుల్లో రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని ఐసీహెచ్ నియమం. అంటే గ్రాములో పదివేలవ వంతు! అంత చిన్న లెక్క తేల్చడానికి ఐసీపీ-ఎంఎస్ అనే ఖరీదైన యంత్రం కావాలి. బావ వాళ్ళు శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపి, రిపోర్టు వచ్చేదాకా బ్యాచ్ ఆపుకుని కూర్చుంటారట.

దీనికి 2007లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో కజునోరి కోయిడే బృందం భలే ఉపాయం చూపించింది. ఫ్లోరసీన్ అనే రంగు 1871 నాటిది. కంటి డాక్టర్లు కార్నియా మీద గీతలు కనిపించడానికి చుక్కలుగా వేసేది అదే. దాని కుటుంబంలోదే ఇంకో రంగుకి అల్లైల్ అనే మూత బిగిస్తే మెరుపు ఆగిపోతుంది. ఆ మూత తీయడం పల్లాడియానికి వెన్నతో పెట్టిన విద్య. ద్రావణంలో అది ఉందా, మూత ఊడి ఆకుపచ్చగా వెలుగుతుంది. పైగా పల్లాడియం ఖర్చవదు, ఇంకో మూత దగ్గరికి పోతుంది. ఒక్క పరమాణువు బోలెడు దీపాలు వెలిగిస్తుందన్నమాట. దొంగ కోసం ఊరంతా వెతక్కుండా, వీధిలో నాలుగు తాళాలు పడేసి చూడటం లాంటిది.

"ప్రింట్‌ఎఫ్ పెట్టి డీబగ్ చేయడమేగా బావా" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "మొదట్లో ప్లాటినానికి కూడా వెలిగేది, 2009లో అదీ సరిచేశారు. రిపోర్టులో అంకె రాయాలంటే యంత్రమే కావాలి, కాదన్ను. కానీ రాత్రి రెండింటికి రియాక్టర్ పక్కన నిలబడ్డవాడికి అంకెతో పనిలేదురా. ఇంకోసారి కడగాలా వద్దా, అంతే." ఆ రంగు తెప్పించమని మూడుసార్లు అడిగాడట. వాలిడేషన్ ఎవరు చేస్తారని పైవాళ్ళు పక్కన పెట్టారు. (ఈ డైలాగు మనకీ తెలుసు కదా!)

ఇక నేను మాట్లాడలేదు. ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి నేను మాత్రం ప్రొఫైలర్ తెరిచానా? ప్రింట్లే పెట్టాను.

ఈలోపు నాన్న మాత్ర వేసేసుకుని, "మీ మెరుపులు అయిపోతే టిఫిన్‌కి రండి" అన్నారు.